రంజీ ఆగింది, ఐపీఎల్ సాగింది: కోవిడ్ రెండేళ్ళలో బీసీసీఐ లెక్కలు

2020 మార్చి 13న రాజ్‌కోట్‌లో, దేశవాళీ జట్లు ఆడే రంజీ ట్రోఫీ ఫైనల్ చివరి రోజు ఆట ఖాళీ స్టేడియంలో జరిగింది. కోవిడ్ భయంతో ప్రేక్షకులను లోపలికి రానివ్వలేదు. తొలి ఇన్నింగ్స్‌లో సౌరాష్ట్ర 425 చేస్తే బెంగాల్ 381 దగ్గర ఆగిపోయింది. ఆ 44 పరుగుల ఆధిక్యంతో సౌరాష్ట్ర తన చరిత్రలో తొలిసారి రంజీ గెలిచింది. సీజన్ మొత్తంలో 67 వికెట్లు తీసిన కెప్టెన్ జయదేవ్ ఉనద్కత్ కప్పు ఎత్తేసరికి గ్యాలరీల్లో చప్పట్లు కొట్టేవాళ్ళు లేరు. సరిగ్గా అదే రోజు బీసీసీఐ దక్షిణాఫ్రికాతో మిగిలిన రెండు వన్డేలను రద్దు చేసింది. మార్చి 29న మొదలవ్వాల్సిన ఐపీఎల్‌ను ఏప్రిల్ 15కి వాయిదా వేసింది.

ఆ తర్వాత రంజీలో మళ్ళీ బంతి పడింది 2022 ఫిబ్రవరి 17న. ఈలోగా ఐపీఎల్ రెండు సీజన్లు పూర్తయ్యాయి.

ఈ రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికైనా వెంటనే వచ్చే మాట ఒకటే: "డబ్బుల కోసం." ఆ మాటలో నిజం ఉంది. కానీ సగమే. రంజీ ఆపడానికి గట్టి కారణాలే ఉన్నాయి. ఐపీఎల్ జరపకపోతే రంజీ ఆటగాళ్ళకి ఇచ్చే డబ్బుకే ఎసరొచ్చేది. బోర్డును నిజంగా నిలదీయాల్సిన చోటు వేరే ఉంది. అక్కడికి వెళ్ళాలంటే ముందు కొన్ని లెక్కలు చూడాలి.

వంద మ్యాచ్‌లు కూడా లేని సంపాదన

2019-20 దేశవాళీ సీజన్‌కి బోర్డు వేసిన షెడ్యూల్‌లో 2036 మ్యాచ్‌లు ఉన్నాయి. పురుషులు, మహిళలు, అండర్-23, అండర్-19, అండర్-16 అన్నీ కలిపి. ఒక్క రంజీ ట్రోఫీయే 38 జట్లతో 169 మ్యాచ్‌లు. వీటిలో టీవీలో వచ్చేవి కొన్నే, టికెట్ కొని చూసేవాళ్ళు దాదాపు ఎవరూ ఉండరు. పైగా ప్రతి మ్యాచ్‌కీ ప్రయాణం, హోటల్, అంపైర్లు, పిచ్ సిబ్బంది, మ్యాచ్ ఫీజులు. అంతా ఖర్చే.

సంపాదన ఇంకో వైపు నుంచి వస్తుంది. 2018 నుంచి 2022 వరకు ఐదేళ్ళ ఐపీఎల్ ప్రసార హక్కులకి స్టార్ ఇండియా చెల్లించడానికి ఒప్పుకున్న మొత్తం 16,347.5 కోట్లు. ఏడాదికి 60 మ్యాచ్‌లు వేసుకుంటే ఒక్కో మ్యాచ్‌కి దాదాపు 54.5 కోట్లు. స్వదేశంలో భారత జట్టు ఆడే మ్యాచ్‌ల హక్కులు అదే సంస్థకి ఐదేళ్ళకి 6138 కోట్లకి వెళ్ళాయి. అవి 102 మ్యాచ్‌లు, అంటే ఒక్కోటీ దాదాపు 60 కోట్లు. అప్పట్లో ఏడాదికి ఐపీఎల్ అరవై, అంతర్జాతీయ మ్యాచ్‌లు ఓ ఇరవై. ఈ ఎనభై చిల్లర మ్యాచ్‌ల మీద వచ్చిన డబ్బుతో మిగతా రెండు వేల మ్యాచ్‌లు నడిచేవి.

ఐపీఎల్ ప్రసార డబ్బులో దాదాపు సగం ఫ్రాంచైజీలకి, అంటే జట్ల యజమానులకి, పోతుంది. మిగిలింది బోర్డుది. అందులోంచే రాష్ట్ర సంఘాలకి ఏటా గ్రాంట్లు వెళతాయి. స్టేడియం ఇచ్చినందుకు ఒక్కో ఐపీఎల్ మ్యాచ్‌కి రాష్ట్ర సంఘానికి వచ్చేది కోటి రూపాయలు. ఫ్రాంచైజీ వాటా యాభై లక్షలు, బోర్డు వాటా యాభై లక్షలు. కాబట్టి ఐపీఎల్ ఒక ఏడాది జరగకపోతే దెబ్బ ముంబైలోని బోర్డు ఆఫీసు దగ్గరే ఆగదు, జిల్లా స్థాయి లీగ్‌ల దాకా పోతుంది. "ఐపీఎల్ మానేసి రంజీ పెట్టొచ్చుగా" అని ఆ రోజుల్లో చాలామంది అన్నారు. రంజీని పోషించేదే ఐపీఎల్ అయినప్పుడు ఆ మాట నిలబడదు.

ఎడారిలో యాభై మూడు రోజులు

ఏప్రిల్ 16న ఐపీఎల్‌ను నిరవధికంగా వాయిదా వేశాక బోర్డు చేతిలో మిగిలింది ఎదురుచూపే. అక్టోబర్, నవంబర్‌లలో ఆస్ట్రేలియాలో టీ20 ప్రపంచకప్ ఉంది. అది జరిగితే ఐపీఎల్‌కి ఖాళీ లేదు. జులై 20న ఐసీసీ దాన్ని వాయిదా వేసింది. ఆ ఖాళీలోకి ఐపీఎల్ వచ్చి కూర్చుంది: సెప్టెంబర్ 19 నుంచి నవంబర్ 10 వరకు, యూఏఈలో.

యూఏఈ ఎందుకంటే, సెప్టెంబర్ మధ్యలో మన దేశంలో రోజుకి తొంభై వేలకి పైగా కేసులు వస్తున్నాయి. అక్కడ దుబాయ్, అబుదాబి, షార్జా మూడు స్టేడియాలకీ బస్సులోనే వెళ్ళి రావచ్చు, విమానం ఎక్కే పని లేదు. 2014లో ఎన్నికల వల్ల తొలి 20 మ్యాచ్‌లు అక్కడే జరిపిన అనుభవం కూడా ఉంది. దిగిన వెంటనే ఆరు రోజుల క్వారంటైన్, ఒకటో, మూడో, ఆరో రోజు పరీక్షలు, మూడూ నెగటివ్ వస్తేనే మైదానంలోకి. తర్వాత ప్రతి ఐదో రోజూ పరీక్ష. ఆగస్టు చివర్లో చెన్నై బృందంలో ఇద్దరు ఆటగాళ్ళతో కలిపి 13 మందికి పాజిటివ్ వచ్చినప్పుడు అంతా అయిపోయిందనుకున్నారు. టోర్నీ మొదలయ్యాక మాత్రం ఒక్క మ్యాచ్ కూడా ఆగలేదు.

మధ్యలో ఇంకో చిక్కు. గల్వాన్ ఘర్షణ తర్వాత చైనా కంపెనీ వివో టైటిల్ స్పాన్సర్‌షిప్ ఆ ఏడాదికి పక్కకి పోయింది. ఏడాదికి దాదాపు 440 కోట్లు ఇచ్చే ఒప్పందం అది. ఆ స్థానంలో డ్రీమ్11 వచ్చింది 222 కోట్లకి. సగం ధర. అయినా సీజన్ ముగిశాక బోర్డు కోశాధికారి అరుణ్ ధుమాల్ చెప్పిన లెక్క ప్రకారం బోర్డుకి దాదాపు 4000 కోట్ల ఆదాయం వచ్చింది. 1800 మందికి 30 వేలకి పైగా ఆర్టీపీసీఆర్ పరీక్షలు చేశారు.

ఇంతవరకు బోర్డుని తప్పుపట్టడానికి నాకేమీ కనిపించదు. మంచి నిర్వహణ అనే చెప్పాలి.

ముప్పై ఎనిమిది జట్లని ఎక్కడ పెట్టాలి?

అప్పటికి ఐపీఎల్ జట్లు ఎనిమిది, నగరాలు మూడు. రంజీ జట్లు 38. ఆటగాళ్ళు, సిబ్బంది కలిపి జట్టుకి ముప్పై మంది అనుకున్నా వెయ్యి దాటుతారు. హోటల్ సిబ్బంది, డ్రైవర్లు, అంపైర్లు, మైదానం పనివాళ్ళు కాక. వీళ్ళందర్నీ బయటివాళ్ళతో కలవనివ్వని బబుల్‌లో పెట్టాలి. టీ20 అయితే లీగ్ దశ పది రోజుల్లో ముగుస్తుంది. నాలుగు రోజుల మ్యాచ్‌కి అది కుదరదు. మ్యాచ్‌కీ మ్యాచ్‌కీ మధ్య మూడు రోజుల విరామం ఇస్తే ఐదు మ్యాచ్‌లకే ఐదు వారాలు, ముందు క్వారంటైన్ ఇంకో వారం. ఆ పైన క్వార్టర్ ఫైనల్స్, సెమీస్, ఫైనల్. ఒక్క ఆటగాడికి పాజిటివ్ వస్తే రెండు జట్లు గదుల్లో కూర్చోవాలి.

ఖాళీ ఉన్నది జనవరి నుంచి మార్చి వరకే. ఫిబ్రవరి 5 నుంచి ఇంగ్లండ్‌తో సిరీస్, ఏప్రిల్ 9 నుంచి మళ్ళీ ఐపీఎల్. బోర్డు ముందు సయ్యద్ ముస్తాక్ అలీ టీ20 టోర్నీ పెట్టింది. జనవరి 2కల్లా జట్లు ఆరు నగరాలకి చేరాలి, మూడుసార్లు పరీక్షలు చేయించుకోవాలి, 8 నుంచి ప్రాక్టీస్, 10 నుంచి మ్యాచ్‌లు. జనవరి 31న అహ్మదాబాద్ ఫైనల్‌లో తమిళనాడు బరోడాని ఓడించింది. ఆ ముందు రోజే కార్యదర్శి జై షా రాష్ట్ర సంఘాలకి రాసిన లేఖ బయటికొచ్చింది. రాష్ట్రాల అభిప్రాయం తీసుకున్నామని, రంజీ బదులు విజయ్ హజారే వన్డే టోర్నీ జరుపుతున్నామని దాని సారాంశం. 1934-35లో మొదలైనప్పటి నుంచి, ప్రపంచ యుద్ధం నడుస్తున్న ఏళ్ళలో కూడా ఆగని రంజీ 87 ఏళ్ళలో తొలిసారి ఆగింది.

ముందు టీ20 ఎందుకు అన్నదానికి జవాబు ఫిబ్రవరి 18న దొరికింది. ఆ రోజు చెన్నైలో ఐపీఎల్ వేలం. ఫ్రాంచైజీలకి కొత్త కుర్రాళ్ళని చూసుకోవడానికి ఓ టోర్నీ కావాలి. జనవరి 13న వాంఖడేలో ముంబై మీద 37 బంతుల్లో సెంచరీ కొట్టిన కేరళ కుర్రాడు మహమ్మద్ అజారుద్దీన్‌ని బెంగళూరు కొనుక్కుంది. సౌరాష్ట్ర ఎడమచేతి పేసర్ చేతన్ సకారియా రాజస్థాన్‌కి 1.2 కోట్లకి వెళ్ళాడు. ఆ మే నెలలో సకారియా తండ్రి కోవిడ్‌తో చనిపోయారు. ఐపీఎల్ డబ్బు అందడం వల్లే ఆయనకి మంచి వైద్యం చేయించగలిగానని సకారియా చెప్పుకున్నాడు. ఆ వేలంలో అతని పేరు రాకపోయి ఉంటే ఏమయ్యేదన్నది కాస్త ఆగి ఆలోచించాల్సిన విషయం. రంజీ ఆడుతూ వేలం దాకా రాని వాళ్ళే మన దగ్గర ఎక్కువ.

వేరే బోర్డులు ఏం చేశాయి? ఇంగ్లండ్ 2020 ఆగస్టులో కౌంటీ చాంపియన్‌షిప్ బదులు బాబ్ విల్లిస్ ట్రోఫీ పెట్టింది. 18 కౌంటీలను ప్రాంతాల వారీగా మూడు గ్రూపులు చేసి, జట్టుకి ఐదేసి మ్యాచ్‌లు ఆడించి, లార్డ్స్‌లో ఫైనల్ జరిపింది. ఆస్ట్రేలియా ఆరు జట్లని అడిలైడ్‌కి చేర్చి షెఫీల్డ్ షీల్డ్ తొలి రౌండ్లు అక్కడే నడిపింది. అయితే పద్దెనిమిది, ఆరు, ముప్పై ఎనిమిది ఒకటి కావు. దూరాలూ ఒకటి కావు.

నా ఉద్దేశంలో రంజీని యథాతథంగా జరపడం అసాధ్యమే. ఎర్రబంతి క్రికెట్‌ని, అంటే నాలుగైదు రోజుల ఆటని, మొత్తానికే వదిలేయాల్సిన అవసరం మాత్రం లేదు. దులీప్ ట్రోఫీ పాత పద్ధతిలో ఐదు జోన్ల జట్లు, ఒకటో రెండో నగరాలు, వంద మందికి మించని ఆటగాళ్ళు. ఇది చేయగలిగిన పనే. ఆ ప్రయత్నం జరగలేదు. దాని ఫలితం మనకి బాగా తెలిసిన ఒక ఆటగాడి మీదే పడింది. జనవరి 11న సిడ్నీ టెస్టులో తొడ కండరం చిట్లినా 161 బంతులు ఆడి మ్యాచ్ కాపాడిన ఆంధ్ర బ్యాటర్ హనుమ విహారి ఫిబ్రవరి వేలంలో అమ్ముడుపోలేదు. దేశంలో ఆడటానికి నాలుగు రోజుల మ్యాచ్ ఒక్కటీ లేదు. ఇంగ్లండ్ పర్యటనకి ముందు ప్రాక్టీస్ కోసం వార్విక్‌షైర్ కౌంటీకి వెళ్ళాడు. అక్కడి నుంచే ట్విట్టర్‌లో వలంటీర్లను కూడగట్టి ఇక్కడి కోవిడ్ రోగులకి ఆక్సిజన్, బెడ్లు ఏర్పాటు చేయించాడన్నది వేరే సంగతి. టెస్టులు ఆడే విహారికి కౌంటీ తలుపు తెరుచుకుంది. మామూలు రంజీ ఆటగాడికి అదీ లేదు.

మ్యాచ్ లేకపోతే ఫీజు లేదు

అసలు విషయం ఇక్కడుంది. భారత జట్టుకి ఆడే వాళ్ళకి బోర్డుతో ఏడాది కాంట్రాక్టు ఉంటుంది. కోవిడ్ రోజుల్లో ఏ ప్లస్ గ్రేడ్‌కి 7 కోట్లు, చివరి సీ గ్రేడ్‌కి కోటి. మ్యాచ్‌లు జరిగినా జరగకపోయినా అది వస్తుంది. కోవిడ్‌లో కూడా దానికి కోత పడలేదు. దేశవాళీ ఆటగాడికి అలాంటి కాంట్రాక్టు లేదు. మైదానంలోకి దిగిన రోజుకి ఇంత అని ఇస్తారు. అప్పట్లో నాలుగు రోజుల మ్యాచ్‌కి, వన్డేకి రోజుకి 35,000. టీ20కి 17,500. రిజర్వ్‌లో కూర్చుంటే సగం.

మామూలు ఏడాదిలో రంజీ లీగ్ దశలో ఎనిమిది మ్యాచ్‌లు ఆడితే, మ్యాచ్‌కి 1.4 లక్షల చొప్పున 11.2 లక్షలు. అదే ఆటగాడు 2020-21లో ముస్తాక్ అలీ లీగ్ మ్యాచ్‌లు ఐదూ ఆడితే 87,500, విజయ్ హజారే ఐదూ ఆడితే 1.75 లక్షలు. జట్టు నాకౌట్‌కి వెళ్ళకపోతే ఏడాది మొత్తానికి రెండు లక్షల అరవై రెండు వేల చిల్లర. వన్డే, టీ20 జట్లలో చోటు దొరకని, కేవలం ఎర్రబంతి ఆడే వాళ్ళకి సున్నా. రైల్వేలోనో, పబ్లిక్ సెక్టార్ కంపెనీలోనో ఉద్యోగం ఉన్నవాడు నెట్టుకొస్తాడు. లేనివాడి సంగతి వేరే చెప్పక్కర్లేదు. బోర్డు స్థూల ఆదాయంలో 26 శాతం ఆటగాళ్ళ వాటాగా పంచే పద్ధతి ఒకటి ఉంది కానీ ఆ డబ్బు సీజన్ ముగిసి చాలా కాలం గడిచాక గానీ చేతికి రాదు. అంపైర్లు, స్కోరర్లు, వీడియో అనలిస్టుల బతుకూ మ్యాచ్ ఉంటేనే.

ఈ సంగతి బోర్డుకి తెలియదా అంటే తెలుసు. 2020 డిసెంబర్ 24న అహ్మదాబాద్‌లో జరిగిన వార్షిక సర్వసభ్య సమావేశంలోనే, కుదించిన సీజన్‌కి దేశవాళీ ఆటగాళ్ళకి, మహిళలకి కూడా, తగిన పరిహారం ఇస్తామని తీర్మానించారు. అదే సమావేశంలో 2022 నుంచి ఐపీఎల్‌ని పది జట్లకి పెంచాలనీ నిర్ణయించారు. రెండో తీర్మానం చకచకా కదిలింది. మొదటిది పెండింగ్‌లో పడింది.

ఎందుకు పడింది? ఎవరికి, ఎంత ఇవ్వాలన్న ప్రశ్నకి బోర్డు దగ్గర జవాబు లేదు. రంజీ జరగనప్పుడు ఎవరు ఆడి ఉండేవారో ఎలా తేలుతుంది? కిందటేడాది జట్టు ఆధారంగా ఇద్దామంటే, ఈ ఏడాది కొత్తగా వచ్చేవాడికి అన్యాయం. రాష్ట్రాల నుంచి వివరాలు రావాలని కొన్ని నెలలు గడిచాయి. 2021 వేసవిలో పది మందితో కమిటీ వేశారు. హైదరాబాద్ సంఘం నుంచి మాజీ కెప్టెన్ అజారుద్దీన్ అందులో ఉన్నారు. చివరికి సెప్టెంబర్ 20న ప్రకటన వచ్చింది: 2019-20 సీజన్‌లో ఆడిన వాళ్ళకి అదనంగా 50 శాతం మ్యాచ్ ఫీజు. ఎనిమిది రంజీ మ్యాచ్‌లు ఆడినవాడికి ఈ లెక్కన 5.6 లక్షలు వస్తాయి.

మాటిచ్చిన రోజు నుంచి ప్రకటన దాకా దాదాపు తొమ్మిది నెలలు. ఆ మధ్యలోనే సెకండ్ వేవ్ వచ్చి వెళ్ళింది. ఇళ్ళల్లో ఆస్పత్రి బిల్లులు ఎలా ఉన్నాయో ఎవరికీ చెప్పక్కర్లేదు. 2018-19 ఆర్థిక సంవత్సరం ముగిసేసరికి బోర్డు దగ్గర పద్నాలుగు వేల కోట్లకి పైగా నిల్వ ఉంది. పదకొండు లక్షలు రావాల్సిన చోట రెండున్నర లక్షలతో సరిపెట్టుకుంటున్న వాళ్ళకి ముందుగా ఒక అడ్వాన్స్ ఇచ్చి, లెక్కలు తర్వాత తేల్చుకుంటే బోర్డు ఖాతాలో ఆ తేడా కనిపించేది కూడా కాదు. రంజీ రద్దుని నేను సమర్థించగలను. ఈ తొమ్మిది నెలలని సమర్థించలేను.

అదే ప్రకటనలో ఫీజులూ పెంచారు. నలభైకి పైగా మ్యాచ్‌లు ఆడిన సీనియర్లకి రోజుకి 60,000, 21 నుంచి 40 ఆడిన వాళ్ళకి 50,000, అంతకన్నా తక్కువైతే 40,000. మహిళలకి మ్యాచ్‌కి 12,500 ఉన్నది 20,000 అయింది. మంచిదే. కానీ పద్ధతి పాతదే, మైదానంలోకి దిగితేనే డబ్బు. నెల దాటాక, అక్టోబర్ 25న, ఐపీఎల్‌లో రెండు కొత్త జట్లు అమ్ముడయ్యాయి. లక్నో 7090 కోట్లు, అహ్మదాబాద్ 5625 కోట్లు.

చివర్లో ఉన్నవాళ్ళు

2020 మార్చి 8న మెల్‌బోర్న్‌లో 86,174 మంది ముందు భారత మహిళల జట్టు టీ20 ప్రపంచకప్ ఫైనల్ ఆడింది. వాళ్ళ తర్వాతి అంతర్జాతీయ మ్యాచ్ 2021 మార్చి 7న, లక్నోలో. ఒక్క రోజు తక్కువ ఏడాది. మధ్యలో షార్జాలో మూడు జట్ల మహిళల టీ20 చాలెంజ్ జరిగింది, మొత్తం నాలుగు మ్యాచ్‌లు. అదీ ఆస్ట్రేలియాలో బిగ్ బాష్ నడుస్తున్న రోజుల్లోనే పెట్టడంతో విదేశీ స్టార్లలో చాలామంది రాలేకపోయారు. ఆ ప్రపంచకప్ రన్నరప్‌గా వచ్చిన ఐదు లక్షల డాలర్ల ప్రైజ్ మనీ ఆటగాళ్ళకి ఇంకా అందలేదన్న వార్త 2021 మే నెలలో వచ్చింది. ఆ తర్వాతే బోర్డు ఆ పని పూర్తిచేయడానికి కదిలింది. ఈ ఒక్క ఆలస్యాన్ని మాత్రం ఏ వైరస్ మీదా నెట్టలేం.

పిల్లల క్రికెట్ అయితే 2020-21లో పూర్తిగా పోయింది. వినూ మన్కడ్ అండర్-19 టోర్నీ జరుపుతామని జనవరి లేఖలో చెప్పి, మార్చికల్లా వయోపరిమితి టోర్నీలన్నీ ఆపేశారు. సీనియర్లకి ఒక ఏడాది పోతే ఇంకో ఏడాది ఉంటుంది. అండర్-16 చివరి ఏడాదిలో ఉన్న కుర్రాడికి అది తిరిగి రాదు. వయసు దాటిపోతుంది, సెలెక్టర్ల కళ్ళలో పడే వేదిక పోతుంది. వీళ్ళకి ఇచ్చే పరిహారం అంటూ ఏదీ ఉండదు కూడా.

అయినా 2022 మొదట్లో వెస్టిండీస్‌లో అండర్-19 ప్రపంచకప్‌ని భారత్ గెలిచింది. గుంటూరు కుర్రాడు షేక్ రషీద్ వైస్ కెప్టెన్. ఐర్లాండ్‌తో మ్యాచ్‌కి ముందు కెప్టెన్ యశ్ ధుల్, రషీద్ సహా ఆరుగురు ఐసొలేషన్‌కి వెళ్ళారు. ఆడటానికి సరిగ్గా పదకొండు మందే మిగిలారు. అయినా 174 పరుగులతో గెలిచారు. కోలుకుని వచ్చిన రషీద్ సెమీస్‌లో ఆస్ట్రేలియా మీద 94, ఫైనల్లో ఇంగ్లండ్ మీద 50 కొట్టాడు. దీన్ని చూపించి "ఏడాది పోయినా నష్టం లేదు కదా" అనేవాళ్ళున్నారు. ప్రపంచకప్‌కి వెళ్ళేది పదిహేడు మంది. ఆ ఏడాది కోల్పోయిన వాళ్ళు వేలల్లో ఉంటారు.

2021 ఏప్రిల్: లెక్క తప్పిన చోటు

యూఏఈలో విజయం బోర్డుకి ధీమా ఇచ్చింది, కాస్త ఎక్కువే ఇచ్చింది. ఇంగ్లండ్ సిరీస్‌ని చెన్నై, అహ్మదాబాద్, పుణె మూడు చోట్లే పెట్టి నెట్టుకొచ్చారు. ఆ ఊపులో ఐపీఎల్‌ని ఇండియాకి తెచ్చారు. ఆరు నగరాలు, ఎవరికీ సొంత మైదానం లేదు. హైదరాబాద్‌ని చేర్చమని అప్పటి మంత్రి కేటీఆర్ ట్విట్టర్‌లో అడిగారు గానీ జాబితాలో చోటు దక్కలేదు. యూఏఈలో బస్సులో తిరిగిన జట్లు ఇక్కడ విమానాలు ఎక్కాల్సి వచ్చింది. బబుల్‌కి కన్నం పడేది సరిగ్గా అక్కడే.

ఏప్రిల్ 9న టోర్నీ మొదలయ్యేసరికి కేసులు ఎగబాకుతున్నాయి. ఇంట్లో వాళ్ళకి కోవిడ్ రావడంతో అశ్విన్ మధ్యలోనే వెళ్ళిపోయాడు. కొందరు ఆస్ట్రేలియా ఆటగాళ్ళు ముందే సర్దుకున్నారు. మే 3న కోల్‌కతా బౌలర్లు వరుణ్ చక్రవర్తి, సందీప్ వారియర్, మర్నాడు హైదరాబాద్ జట్టు కీపర్ సాహా, ఢిల్లీ స్పిన్నర్ అమిత్ మిశ్రా పాజిటివ్‌గా తేలారు. 29 మ్యాచ్‌ల దగ్గర టోర్నీ ఆగిపోయింది. పూర్తి చేయకపోతే దాదాపు 2500 కోట్ల నష్టమని అధ్యక్షుడు గంగూలీ అన్నారు. మిగిలిన 31 మ్యాచ్‌లని సెప్టెంబర్ 19 నుంచి మళ్ళీ యూఏఈలోనే ఆడించారు. ఆతిథ్యం పేరుకి మనదే అయినా టీ20 ప్రపంచకప్ కూడా యూఏఈ, ఒమన్‌కి తరలిపోయింది.

ఇక్కడో పక్క విషయం. ఈ నిర్ణయాలన్నీ తీసుకున్న అధ్యక్ష కార్యదర్శుల పదవీకాలం, బోర్డు రాజ్యాంగం ప్రకారం 2020 జూన్, జులైల్లోనే ముగిసింది. కొన్నేళ్ళు పదవిలో ఉన్నాక కొంతకాలం పక్కకి తప్పుకోవాలనే కూలింగ్ ఆఫ్ నిబంధన సవరించమని బోర్డు సుప్రీంకోర్టుకి వెళ్ళింది. కేసు తేలింది 2022 సెప్టెంబర్ 14న, వాళ్ళకి అనుకూలంగా. అంటే కోవిడ్ కాలం దాదాపు మొత్తం బోర్డుని నడిపింది గడువు దాటిన పదవుల్లో ఉన్నవాళ్ళే. దేశవాళీ ఆటగాళ్ళ తరఫున గట్టిగా అడిగే సంఘం ఏదైనా ఉందా అంటే, మాజీ ఆటగాళ్ళ సంఘం ఉంది గానీ అందులో ప్రస్తుతం ఆడుతున్న వాళ్ళకి చోటు లేదు. కాబట్టి ఆ తొమ్మిది నెలల ఆలస్యం గురించి గట్టిగా అడిగినవాళ్ళు ఎక్కువగా విలేకరులే.

రంజీ తిరిగొచ్చిన తీరు

2022 జనవరి 13న రంజీ మొదలవ్వాలి. ఒమిక్రాన్ వచ్చింది, వాయిదా పడింది. ఈసారి బోర్డు రద్దు చేయలేదు. లీగ్ దశని ఫిబ్రవరి, మార్చిలో జట్టుకి మూడేసి మ్యాచ్‌లకి కుదించి పెట్టింది. తర్వాత రెండు నెలలు ఐపీఎల్. నాకౌట్ మ్యాచ్‌లు జూన్‌లో. ఎర్రబంతితో మొదలుపెట్టి, మధ్యలో టీ20లు ఆడి, మళ్ళీ ఎర్రబంతికి రావడం కష్టమని కోచ్‌లు గొణిగారు గానీ, ఉన్నంతలో అదే మేలు. జూన్ 12న మొదలైన ఐపీఎల్ ప్రసార హక్కుల వేలం 14న ముగిసింది, ఐదేళ్ళకి 48,390 కోట్లకి. రంజీ సెమీఫైనల్స్ ఆ 14నే మొదలయ్యాయి. జూన్ 26న బెంగళూరులో ముంబైని ఓడించి మధ్యప్రదేశ్ తొలిసారి కప్పు గెలిచింది.

ఆ ఏడాది అవసరం కొద్దీ రంజీని రెండు ముక్కలు చేశారు. 2024-25 నుంచి అదే పద్ధతిని బోర్డు షెడ్యూల్‌లోనే పెట్టేసింది: ముందు సగం అక్టోబర్, నవంబర్‌లలో, మిగతా సగం జనవరి తర్వాత, నడుమ ముస్తాక్ అలీ, విజయ్ హజారే. ఉత్తరాదిలో చలికాలం పొగమంచు, ఆటగాళ్ళకి విశ్రాంతి అని కారణాలు చెప్పారు. వాటిలో పస లేకపోలేదు. దేశవాళీ ఆటగాడికి ఏడాది కాంట్రాక్టు ఇచ్చే విషయం మాత్రం కోవిడ్‌కి ముందు ఎక్కడుందో ఇప్పటికీ అక్కడే ఉంది.